పంతొమ్మిది అంగుళాలు

బాలానగర్ లేతు మెషీన్ల మీద పదకొండేళ్లు
బోల్టులకు మరలు కోసినవాణ్ణి.
ఇనుములో మర మాట తప్పదు.
ఒక చుట్టు తిప్పితే ఒక మర ముందుకు,
వెంట్రుకంత తేడా రాదు.

అందుకే బెవర్లీ ట్రెగోవన్ మాట నాకు మింగుడుపడలేదు.
యారవోంగాలో, వంతెన దిగగానే, రేకుల షెడ్డు ఆమెది.
గోడ నిండా ప్రొపెల్లర్లు,
మారేడు దళాల్లా మూడేసి రేకులు.
డెబ్బై దాటిన మనిషి, చెవి మీద పెన్సిలు.
నేను తెచ్చిన పాతదాని అంచు బొటనవేలితో తడిమి
"ఏ చెట్టు కొరికింది?" అంది.
నీళ్లలోది, అన్నాను.
"ఇక్కడ అన్నీ నీళ్లలోవే."

తర్వాత చెప్పింది:
"పదిహేడు అని చెక్కి ఉంది చూడు,
ఒక్క చుట్టుకి పదిహేడు అంగుళాలు పోవాలి.
పోదు.
నీళ్లు పక్కకి తప్పుకుంటాయి.
పదో వంతు వాటికి వదిలెయ్."

పదో వంతు!
మా మేస్త్రీ వింటే లేతు ఆపి బయటికి గెంటేవాడు.

నా పడవ పాతది, తొంభై హార్స్‌పవర్ ఇంజిను.
పదిహేడుతో లివరు చివరిదాకా తోస్తే
ఆరు వేలు దాటి గొంతు చించుకుంటుంది,
పడవ మాత్రం అరవై దగ్గరే.
అరుపు ఎక్కువ, నడక తక్కువ.
మా పెద్దబావ గుర్తొస్తాడు.

ఇరవై ఒకటి ఇవ్వమన్నాను.
ఆశకి అంగుళాల లెక్క తెలియదు కదా.
బెవర్లీ నవ్వలేదు. పంతొమ్మిది కూడా చేతిలో పెట్టి
"రెండూ బిగించి చూడు. గీత పడ్డది మాత్రం నీదే" అంది.

ఏప్రిల్ పొద్దున, ముల్వాలా సరస్సు.
ఆనకట్ట కట్టిననాడు మునిగిన యూకలిప్టస్ చెట్లు
చచ్చి కూడా నీళ్లలో నిలబడే ఉన్నాయి.
కొమ్మకొమ్మకీ తెల్ల కాకటూలు, ఒకటే రభస.
మోకాలి లోతులో దిగి, పిన్ను లాగి, నట్టు విప్పి,
గ్రీజు రాసి ఇరవై ఒకటి బిగించేసరికి
వేళ్లు కొంకర్లు పోయాయి.
ముందు సీట్లో హైమ, ఒళ్లో పాత కరెంటు బిల్లు,
దాని వెనక అంకెలు రాయడానికి.

పడవ ముక్కు పైకెత్తి చాలాసేపు ఆలోచించింది.
టాప్ గేరులో ఘాటెక్కబోయిన లారీలా మూలిగింది.
ఐదు వేల దగ్గరే ఆగిపోయింది ముల్లు.
"మళ్లీ అరవయ్యేనా?" అంది హైమ,
బాకీ తీర్చనివాణ్ణి చూసినట్టు నన్ను చూసి.

పంతొమ్మిదికి అరవై నాలుగు.
ఇంజిను అరవలేదు, మూలగలేదు.
ఐదు వేల ఏడు వందల దగ్గర
తలొంచుకుని తన పని తాను చేసుకుపోయింది.
నాలుగు కిలోమీటర్లు!
నా మూడు రోజుల జీతం దాని ఖరీదు.

నాకు చాల్లేదు.
లంగరు దింపాను, తడి తాళ్లు దింపాను,
ఐసుపెట్టె, ఎవరిదో తెలియని ఒంటి చెప్పు.
అరవై ఐదు.
"కాస్త వెనక్కి జరుగు హైమా, బరువు ముందుకి..."
మాట జారాను.
పదో వంతు కాదు, మొత్తం జారింది.

ఆమె పెన్ను మూత పెట్టింది.
"నీ బరువెంత?"
తొంభై ఒకటి.
"దిగు."

పరుగెత్తి పాలు తాగేకంటే, అంటూ ఉండేవాడు మా మేస్త్రీ
ఎవరు ఓవర్‌టైమ్ అడిగినా.
యాభై మూడేళ్లొచ్చాక
ఆ మాట కాదని నీళ్ల మీదే పరుగెత్తబోయాను.

బోయాల మధ్య దారి పట్టుకుని హైమ వెళ్లింది.
కాకటూలన్నీ ఒక్కసారి లేచాయి.
నేనెప్పుడూ బయటినుంచి వినలేదు నా ఇంజినుని,
ఇంత సన్నగా పాడుతుందని తెలియదు.
తిరిగొస్తూ బిల్లు గాల్లో ఊపింది:
అరవై ఎనిమిది.
ఆగలేదు, మళ్లీ తిప్పింది.

ఒడ్డున తడి ప్యాంటుతో నేను,
చంకలో ఇరవై ఒకటి,
సీసా మూత తీసి
నిలబడి నీళ్లు తాగుతున్నాను.