ఒడి పరీక్ష

డాబాగార్డెన్స్‌లో ఇరుకు మెట్లెక్కితే ఆ షాపు.
కుర్రాడి పేరు దేముడని చొక్కా మీది బిళ్ళ చెప్పింది.
"గేమ్స్‌కా మేడమ్, ఆఫీసు పనికా?"
శివలింగపురం లూప్ లైన్లో
మూడు గంటలు ఊరికే ఆగిపోయే బండికి బాబూ,
అన్నాను.

వాడు నవ్వాలో వద్దో తేల్చుకోలేదు.
గూడ్సుకి చిట్టచివర ఒక పెట్టె ఉంటుందని
అందులో జెండాతో ఒక ఆడమనిషి ఉంటుందని
ఎవరికి తోస్తుంది?
పిల్లలు కూడా ఇంజనుకే చెయ్యూపుతారు.
యాభై ఎనిమిది పెట్టెలు లెక్కపెట్టేసరికి విసుగొచ్చి
నేనొచ్చే వేళకి వెనక్కి తిరిగిపోతారు.

విడమర్చి చెప్పాను.
సంచిలో ఎర్రజెండా, పచ్చజెండా, టార్చి,
వాకీటాకీ, పట్టాల మీద పేల్చే డబ్బా, పెరుగన్నం గిన్నె.
ఇక మిగిలింది ఒక పలక మందం జాగా.
సొరంగాల్లో నెట్ రాదు, అది లేకుండానే ఆడాలి.
నా పెట్టెలో ప్లగ్గు లేదు, పొద్దంతా బతకాలి.
తుపాకులూ రక్తాలూ వద్దు.
ఇటుకలు పేర్చేదో, పేకముక్కలు సర్దేదో,
పచ్చలైటు పడగానే సగంలో వదిలేసినా
అలగని ఆట చాలు.
రాసుకోవాలి కూడా.

"ఏటి రాస్తారు మేడమ్?"
దానికింకా పేరు పెట్టలేదు.

మూడు తెచ్చాడు.
మొదటిది వెనక్కి మడిస్తే గుడారంలా నిలబడింది,
బాగుంది గానీ
రెండు కిలోల కందిపప్పని చేతికి తెలిసిపోయింది.
రెండోది అప్పడం.
కీలు నొక్కితే
తలుపు కొట్టి ఎవరూ పలకనట్టుంది.
మూడోది టక్కున అతుక్కుంటుంది, టక్కున ఊడుతుంది,
"ఊడినా కీబోర్డు పనిచేస్తాది, తీగక్కర్లేదు."
వెనక ఒక్క కాలు చాపి
బల్ల మీద మునసబులా కూచుంది.

స్టూలుందా, అడిగాను.
షాపు నడుమ కూచుని ఒళ్ళో పెట్టుకుని
బొర్రాగుహలు దాటాక మలుపుల్లో
బండి ఎంత ఆడిస్తుందో అంతా
మోకాళ్ళు ఆడించాను.
కాలు జారింది. తెర వెల్లకిలా పడబోయింది.
దేముడు స్లిప్‌లో క్యాచ్ పట్టినట్టు పట్టాడు.
"ల్యాప్‌టాప్ అంటారు గానీ,
ఒళ్ళో పెట్టి చూసినోళ్ళు మీరే మేడమ్."

అల్లిపురంలో టైపు నేర్పిన వరాహమూర్తి మాస్టారు
మా చేతుల మీద తువ్వాలు కప్పేవారు.
చూడకండర్రా, దారి వేళ్ళకి తెలియాలి.
కళ్ళు మూసుకుని కొట్టాను
కొత్తవలస, శృంగవరపుకోట, బొడ్డవర,
శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి.
కళ్ళు తెరిస్తే
త్యాడ దగ్గర యావత్తు ఒకటి రాలిపోయింది.
మిగతా బండంతా పట్టాల మీదే ఉంది.

ఒళ్ళో నిలవని దాన్నే కొన్నాను.
మూల సొట్టపడిన షోకేసు పీసు,
నాలుగువేలు తగ్గింది.
లాగ్‌బుక్కు అట్ట కింద పెడితే నిలుస్తుందని నా లెక్క.
లెక్క తప్పొచ్చు. చూడాలి.
మెట్లు దిగగానే ఉప్పగాలి
కళ్ళద్దాల మీద మసక పూసింది.
డబ్బాని కొంగు చాటుకి లాక్కున్నాను,
తుప్పుకి అలవాటు కావడానికి దానికింకా టైముందిలే అని.

రాత్రి, మర్రిపాలెం క్వార్టర్సు.
గౌరీశు తెర ఊడదీసుకుని మంచమెక్కాడు.
నాకు తెల్లారి నాలుగున్నరకి కాల్.
నిద్ర రాలేదు.
వంటింటి గుమ్మంలో కీబోర్డొక్కటే ఒళ్ళో పెట్టుకున్నాను.
ఇది మాత్రం నిలబడింది.
తెర లేదు, తువ్వాలూ లేదు,
పేరు పెట్టనిదాన్ని చీకట్లోకి కొడుతున్నాను.

"అమ్మా, ఏటి చేస్తున్నావ్!"
గదిలోంచి కేక.
నేను మాటకీ మాటకీ నడుమ
ఖాళీ విడిచినప్పుడల్లా
అక్కడ వాడి ఆటలో చిన్న మనిషి
ఎగిరి గోతులు దాటుతున్నాడట.

"ఆపకే,
ఇంకొక్క గొయ్యుంది."