మూత

అస్టోరియాలో వాన కాపురముంటుంది.
మనమే అద్దెకుంటాం.

నవంబరు రెండోవారం
ట్రక్కు వెనకాల రాత్రంతా మర్చిపోయిన
నాలుగు సిమెంటు బస్తాలు
పొద్దున్నకి రాళ్లయి కూర్చున్నాయి,
సంచీ ముడతలూ కుట్లూ అన్నీ అచ్చుపడి.
కుంభకర్ణుడికైతే తలగడలుగా పనికొచ్చేవి.

నేను పలకలు పరిచేవాణ్ణి.
తడితోనే నా బతుకు,
కానీ అది నేను పిలిచినప్పుడు రావాలి.

షాపులో మూత ధర అడిగాను.
పన్నెండు వందలు, బిగింపు కూలి వేరే.
ట్రక్కునే రెండువేల మూడొందలకి కొన్నవాణ్ణి,
ముక్కు కన్నా ముక్కెర బరువని
బయటికొచ్చేశాను.

సరే, చూద్దాం.
చట్రానికి బద్దలు.
థెల్మా గారి బాత్రూం కూల్చినప్పుడు
పారేయమన్న అల్మరా మడతబందులు, మూడు
(నాలుగోది ఇప్పటికీ వెతుకుతున్నాను).
అంచుకి రబ్బరు పట్టీ.
పైకి, హైవే పక్క హోర్డింగు నుంచి దింపేసిన వినైలు,
ముప్పై డాలర్లు, గేదె తోలంత బరువు.

విప్పితే ఒక పళ్ల డాక్టరు.
సగం ముఖమే నా వంతుకొచ్చింది:
ఒక కన్ను, పదకొండు పళ్లు,
ఫోన్ నంబరులో చివరి నాలుగంకెలు.
బొమ్మ లోపలికీ తెలుపు బయటికీ తిప్పి
డప్పుకి తోలు లాగినట్టు లాగి
స్టేపుల్ కొట్టాను.
చేత్తో చరిస్తే మోగింది కూడా.

తెల్లారేసరికి నడిమధ్యన చెరువు.
ఒక సీగల్ స్నానం చేస్తోంది,
నన్ను చూసి తొందరపడలేదు.
ఎత్తలేక, వంగి లోపలికి చూస్తే
డాక్టరు బుగ్గ ఇంత లావున వాచిపోయి
పంటినొప్పి తనకే వచ్చినట్టున్నాడు.

కంచె అవతల ఐనో లాహ్టి.
ఎనభై ఒకటి, నలభై ఏళ్లు సాల్మన్ పడవల మీద.
మాట అప్పిస్తే తిరిగిరాదన్నట్టు ఉంటాడు.
చూశాడు, లోపలికెళ్లాడు,
విరిగిన తెడ్డొకటి తెచ్చాడు.
చట్రం మధ్యన దూలంలా, అడుగున రెండు దిమ్మలు పెట్టి,
నాలుగంగుళాలు లేపాడు.

నీరు పల్లమెరుగని
మా నాయనమ్మ ఎవరెవరినో దెప్పేది.
ఆ సామెతకి ఒక కొలత ఉందనీ
అది నాలుగంగుళాలనీ
అక్కడ తెలిసింది నాకు.

ఆ రోజే, చిత్రంగా, వాన లేదు.
"లోపల పడుకో, పైడీ" అన్నాడు,
చేతిలో తోటకి నీళ్లుపట్టే గొట్టం.
టార్చి పట్టుకుని వెల్లకిలా పడుకున్నాను.
మూత పడింది.
పైన ఆవాలు చిటపటలాడాయి, తర్వాత తాలింపంతా ఒక్కసారే.
"ఎక్కడ?"
"ఎడమ మూల!"
"ఇంకా?"
ఇంకెక్కడా లేదు.
ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.
పగటిపూట ఇలా వీపు వాల్చి
ఎన్నాళ్లయిందో.

"చాలా?"
"ఇంకొంచెం."

వినైలు అవతల నుంచి, నీళ్ల కింద నుంచి,
అడక్కుండానే అన్నాడు:
"పడవలో ఎక్కడ కురుస్తుందో
మా ఆర్వో సరిగ్గా అక్కడే పడుకునేవాడు.
పెరిగితే ముందు తనకే తెలియాలని."

నీళ్ల చప్పుడు కాసేపు ఆగింది.
మళ్లీ మొదలైంది.

టార్చి అటూ ఇటూ తిప్పితే
తెడ్డు మెడ దగ్గర
చాకుతో చెక్కిన అక్షరాలు, ఏ, పక్కన ఎల్.
రెండోదొక్కటే ఐనోది.
డాక్టరు కన్ను కూడా అటే చూస్తోంది.

మొత్తం అరవై ఒక్క డాలర్లయింది:
వినైలు ముప్పై, బద్దలు పంతొమ్మిది,
రబ్బరు పట్టీ ఎనిమిది, స్టేపుల్స్ నాలుగు.
తెడ్డుకెంతని అడగబోతే
గొట్టం చుట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఎడమ మూల ఇప్పటికీ కురుస్తుంది.
బస్తాలు అటు పెట్టను.