జెండా పాట

ఎనుమాముల యార్డుల
పొద్దుగాల ఏడున్నరకు జెండా లేస్తది.
ఒక్క కుప్పకు, ఒక్కదానికే, క్వింటాలు పద్దెనిమిది వేలు.
ఫొటోలు దిగుతరు. పేపర్లకెక్కుతది ఆ ధర.
జెండా దిగినంక
మిగిలిన మిర్చి అంతా పదమూడు వేల రెండొందలు.

నేను దడువాయిని.
ముప్పై ఏండ్ల సంది కాంటా ముల్లునే చూస్తున్న.
ముల్లు అబద్ధమాడదు.
ధర చెప్పే నోరు వేరే.

ఒకప్పుడు తువ్వాల కింద వేళ్లు మాట్లాడుకునేటివి.
ఇప్పుడు కంప్యూటరొచ్చింది.
ఏడుగురు ఖరీదుదార్లు ఏడు ఫోన్లల్ల కొడితే
ఏడు అంకెలూ ఒక్క తల్లి పిల్లల్లెక్క.

పరకాల దిక్కు నుంచొచ్చే కొమురెల్లి
ఢిల్లీ కమిషన్‌కు అర్జీ పెట్టిండు.
పదకొండు నెలలకు ఇద్దరు ఆఫీసర్లొచ్చిన్రు.
ఘాటుకు తుమ్ముకుంట అడిగిన్రు:
"కూడబలుక్కున్నట్టు కాయితమేమన్న ఉన్నదా?"

కాయితం!
చాయ్ హోటల్ల బల్ల మీద
ఒలికిన నీళ్లల్ల వేలు ముంచి రాసుకునే అంకె సార్ అది,
ఈగ వాలకముందే ఆరిపోతది.

జరిమానా పడ్డదన్నరు ఒకనాడు.
స్టే వచ్చిందన్నరు మూడోనాడు.
అందాక సరుకు దాసుకుందామంటే
కోల్డ్ స్టోరేజీ ఓనరు
ఆ ఏడుగురిలో నాలుగోటాయన.

మొన్న నన్నూ వాంగ్మూలం అడిగిన్రు.
ముందుగాల లైసెన్సు యాదికొచ్చింది,
ఎన్కసీరి బిడ్డ నర్సింగ్ ఫీజు.
"ఏం చూసినవ్?"
"కాంటా చూసిన సార్."
కొమురెల్లి ఆడనే ఉన్నడు. బీడీ ముట్టించుకోలే, పట్టుకోని ఉన్నడు.

అందరు పోయినంక
కాంటా మీద నేనే నిలవడ్డ.
అరవై ఒక్క కిలోలు.
బస్తా తరుగు కింద కిలో తీసేసి
చీటీ రాసిన,
అలవాటుగ.