లోపలికి పీల్చే అవును

వజ్రకరూరు దాటినాక గుట్ట మింద
పదకొండో నంబరు గాలిమర ఆగిపోయిన ఎండాకాలం
స్వీడన్ నుంచి హెన్నింగ్ అని ఒకాయప్ప వచ్చినాడు.
పొడుగు మనిషి. ఎర్రగా కాలిన మెడ.
జేబులో పెన్ను మాదిరి చిన్న స్క్రూడ్రైవరు.

నేను ఆడ లాగుబుక్కు రాసేదాన్ని,
గాలి ఎంత, కరెంటు ఎంత,
ఎవరు ఎక్కినారు, ఎవరు దిగినారు.

"బోల్టులన్నీ బిగించేదా సార్?"
తిప్పేస్వామి అడిగినాడు.
ఆయప్ప నోరు తెరిచి జవాబియ్యలే.
పెదాలు సున్నా చుట్టి
హుప్పని రోంత గాలి లోపలికి పీల్చినాడు.
అంతే.
పీరావలి నీళ్ల బాటిలెత్తుకోని ఉరికె.
"ఎండదెబ్బ" అనింది ఉగ్గాని తెచ్చే హంపమ్మ,
ఎర్రగడ్డ కోసి ఆయప్ప చేతిలో పెట్టింది.

ఎర్రగడ్డ పట్టుకోనే
మళ్లా అడిగితే మళ్లా అట్లే పీల్చినాడు.

సాయంత్రానికి తెలిసింది
అది జబ్బు గాదు, అవును అని.
వాళ్ల ఉత్తరాన, మంచు మోకాళ్లదాకా పడే చోట
ఆ మాటను బయటికి వదల్రంట,
లోపలికి తీసుకుంటారంట.
"నోరు తెరిస్తే చలి" అని నవ్వినాడు,
నిజమో, నా కోసం అల్లిన కతో.
మేము కాదనేదానికి నాలుకతో "ట్చ్" అంటే
మరలో పండ్లచక్రం జారిందేమోనని
ఆయప్ప పైకి చూసినాడు.

రెండో వారం ఇంగొకాయమ్మ దిగింది, మార్గిట్,
వాళ్ల దేశానికి దక్షిణాన పుట్టింది.
'ర' అనల్లంటే నీళ్లు పుక్కిలించినట్లు
గొంతు అడుగు నుంచి తోడుతాది.
అచ్చు దొరికితే రెండు వంపులు వంచిగాని వదల్దు.
హెన్నింగ్ ఏమన్నావని అడిగినాడు.
మళ్లా అడిగినాడు.
మూడోసారికి ఇద్దరూ ఇంగ్లీషులోకి దిగినారు.
పీరావలి ఎగిరి గంతేసినాడు,
"వాళ్లకూ యాసలుండాయప్పో!"
ఆ మద్దేన్నం సంగటి చానా రుచిగా ఉన్నింది.

మార్గిట్ ఒక మాట నేర్పింది, "ఆందెన్".
ఒక రాగంలో అంటే బాతు,
ఇంగొక రాగంలో అంటే ఆత్మ.
హంపమ్మ పొయ్యి కాడ కూర్చోని
ఎన్నిసార్లన్నా, ఎట్లన్నా
మా నోట్లో బాతే పలికింది.
మాకూ ఉండాదిలే అట్లాంటిది,
"ఏమప్పా" అంటే కుశలం,
"ఏమప్పా" అంటే చొక్కా పట్టుకునేది.

విజయవాడలో నా మొదటి ఇంటర్వ్యూ.
"డిగ్రీ చేస్తాండా సార్" అంటి.
ఒకాయన పెన్నుకు మూత పెట్టినాడు.
ఇంగొకాయన నవ్వుతా అడిగినాడు,
"మీ ఇంట్లో కత్తులు ఎన్ని?"
మా ఇంట్లో ఉన్నింది ఒక్కటే,
కాలిరిగిన ఈలపీట.
బస్సులో రాత్రంతా
చేస్తున్నాను, చేస్తున్నాను, చేస్తున్నాను.

నాలుగు నెల్లకు హెన్నింగ్‌కు తెలుగొచ్చింది.
మా తెలుగే.
ఇంగొకటి ఉండాదని ఎవరం చెప్పలే.
హైదరాబాదు మీటింగులో లేచి
"గాలి చానా ఉండాది,
గేరుబాక్సే సరిగ్గా లేదప్పా" అన్నాడంట.
గది గదంతా నవ్వు.

తిరిగొచ్చి, లాగుబుక్కు ఊరికే తిరగేసి
"యాల నవ్విరి?" అన్నాడు.
నాకు తెలుసు.
చెప్పబుద్ధి కాలే.

ఆయప్పే చెప్పినాడు,
ఇరవై ఏండ్లప్పుడు స్టాక్‌హోం పోయి
ఒక్క నెలలో మాట మార్చుకున్నాడంట.
సెలవుకు ఇల్లు చేరితే
వాళ్లమ్మ రేడియో విన్నట్లు వినిందంట,
బదులు పలకలేదంట.

ఆయప్ప పోయి రెండేండ్లాయె.
నిన్న హెడ్డాఫీసు నుంచి ఫోను,
"పదకొండో నంబరు తిరుగుతోందా అమ్మా?"
తిరుగుతోంది అనల్లనా,
తిరుగుతాండాది అనల్లనా,
నాకు తెలీకుండానే పెదాలు సున్నా చుట్టుకోనె.
హుప్.
"హలో? లైన్లో ఉన్నారా?"

"తిరుగుతాండాది సార్" అంటి.

పక్కన హంపమ్మ,
ఒక్క మాటన్నా మాట్లాడకుండా
సంచిలో ఎర్రగడ్డ కోసరం వెతుకుతాంది.