చుక్కల లెక్క

తెర మీద సున్నా. సున్నా. సున్నా.
బుష్ మాత్రం ఒక కొసన
మిల్లీమీటరులో రెండు నూరోవంతులు లావు.
ఆటోనగర్ షెడ్డులో, వాన ముందటి ఉక్కలో,
మైక్రోమీటరు మూడుసార్లు తుడిచి మూడుసార్లు కొలిచాను.
అబద్ధం నాది కాదు.

ఫిషింగ్ హార్బర్లో మరబోటొకటి షాఫ్టు ఊడదీసుకుని కూచుంది.
బోటాయన గంటకోసారి ఫోను.
మా ఓనరు ప్రోగ్రాం తప్పన్నాడు, అంటే నా తప్పని.
కోయంబత్తూరు ఇంజనీరుకి గురువారం దాకా తీరదట.
స్టోర్సు సన్యాసిరావే, టీ గ్లాసు కడుగుతూ,
"అసిరయ్యకి కబురెట్టండి" అన్నాడు.

షిప్‌యార్డులో ముప్పై నాలుగేళ్ల ఫిట్టరు.
సైకిలు హ్యాండిలుకి గోనెసంచి.
అందులో పాత ఆకురాయి సానబట్టి చేసుకున్న స్క్రేపరు,
నీలం రంగు డబ్బా, నూలుగుడ్డ,
అన్నం క్యారేజీ కంటే జాగ్రత్తగా
తువ్వాల్లో చుట్టిన పోత ఇనుప పలక.

"బెడ్డు అరిగిపోనాదే గుంటా.
తెరకేటి తెలుస్తాది?
స్క్రూ ఎన్ని సుట్లు తిరిగిందో లెక్కడతాది.
మోసే నేల కుంగిందని దానికెవుడు సెప్తాడు?"

పాత లేతుకి కంప్యూటరు తగిలించిన మర మాది.
పలకకి కంటికానని నీలం పూసి
బెడ్డు మీద ఒక్కసారి లాగి ఎత్తాడు.
ఎత్తున్న చోటల్లా చుక్క.
చక్ దగ్గర, నేను రోజూ పని చేసే చోట,
ఒక్క చుక్కా లేదు. బట్టతలలా నున్నగా.

అరిగిన చోట ఇనుము అతికించలేం.
బాగున్న చోటునే గీకి, అరిగినదాని దాకా దించాలి.
ఇంకెక్కడైనా ఈ న్యాయానికి నేను గొడవపడతాను.
ఇనుములో వేరే దారి లేదు.

పిడి నడుముకి ఆనించి
ఒళ్ళంతా ఒక్క తూగు.
పసుపు చిటికెడంత ఇనుము రాలేది.
గుడ్డతో తుడవడం, నీలం, పలక, మళ్ళీ తూగు.
మూడు రోజులు.
అంగుళం చదరానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టే పని నాకిచ్చాడు.
ఆరు. పదకొండు. పదకొండే.
పంతొమ్మిది దగ్గర నా కళ్ళు మసకబారాయి,
ఆయన వేలితో తడిమి "ఇరవై" అన్నాడు.

మరి ఈ పలకని ఏ మర చదును చేసింది?
"మర కాదు. మూడు పలకలు, ముగ్గురు ఫిట్టర్లం.
రెండే రుద్దితే
ఒకదాని వంకర్లో ఇంకోటి ఒదిగిపోతాది, రెండూ మంచివే అనిపిస్తాయి.
మూడోది వచ్చినాక దాక్కోడానికి సోటుండదు."

అయితే చెయ్యే గొప్పదా అన్నాను.
నవ్వలేదు. చొక్కా గుండీ విప్పి భుజం చూపించాడు,
ఒక పక్కకి జారిపోయిన భుజం.
"రాత్రి కంచం ఎత్తదిది.
షిఫ్టుకి నూటెనభై బుష్షులు నన్ను సెయ్యమంటావేటి?
ఈ మర ముందే వచ్చుంటే
మా బ్యాచ్చిలో సగం మంది నడుములు మిగిలేవి."
పోతూ పోతూ తలుపు అద్దం దగ్గర ఆగి
టూలు తిరిగే చోటు చాలాసేపు చూశాడు,
సినిమా చూసినట్టు.

శుక్రవారం బుష్ రెండు కొసలా ఒకే లావు.
బోటు వెళ్ళిపోయింది.
కోయంబత్తూరాయన మాత్రం ఇంకా రాలేదు.

శనివారం పెదగంట్యాడ రేషన్ డిపోలో
లైన్లో నా ముందు ఆయనే.
బొటనవేలు పెట్టాడు. మర ఒప్పుకోలేదు.
చూపుడువేలు. ఒప్పుకోలేదు.
చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాడు.
గీతలన్నీ ఆకురాయి ఎప్పుడో తినేసింది.
వెనక ఎవరో విసుక్కుంటున్నారు.
"సుక్క పడతం లేదు, కాసింత నీలం ఉందేటి?"
అనడిగాడు డీలర్ని.
డీలరుకి అర్థం కాలేదు. నేను నవ్వాను,
తర్వాత నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తొమ్మిదోసారికి, ఎడమ చిటికెనవేలు.
ఏ పనికీ ఎన్నడూ రాని వేలు.
మర బీప్‌మంది.
అసిరయ్య సంచి చాపాడు.