ధరావతు

మిట్టూరులో ఆ ఇల్లు
ఎట్లుందో చూసొద్దామని పోయినా.
జేబులో, కార్పొరేషన్ గోడ మీంచి దించుకున్న చీటీ:
డోరు నంబరు, ఏడేళ్ల పన్ను, వడ్డీ, జప్తు.

"తొలి పెట్టుబడి. గోడలు చూడు,
మనుషుల్ని చూడొద్దు" అన్నాడు
మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో నాతో తూకాలు రాసే మునెప్ప.

గోడలే చూసినా.
నిలువునా ఒక నెర్రె.
రిపేరుకెంతా అని లెక్కేస్తా ఉంటే
తలుపు తీసిందొకామె, చేతులనిండా సున్నం.
"నీళ్ల మీటరబ్బాయివా?"
ఊఁ అన్నా.

లేని అంకెలు రాసుకుంటాంటే మజ్జిగ తెచ్చింది.
"పన్ను సంగతీ నీకు తెలుసునా నాయనా?
నోటీసులు ఇంకా మా ఆయన పేరుకే వస్తాండాయి.
ఆయన పోయి ఆరేళ్లు.
రసీదు ఎవరి పేరున రాస్తారు?"

ధరావతు డీడీ చొక్కా జేబులో చెమటకి మెత్తబడింది.

రేపు పదకొండుకి వేలం.
ఆ నెర్రె లోతు నాకు తెలుసు,
మజ్జిగలో ఉప్పెంతో కూడా.