సొన తిన్న బొటనవేలు

బంగారుపాళెం దాటినాక గుజ్జు ఫ్యాక్టరీలో
పదేండ్లుగా తోతాపురి తొడిమలు కోస్తా వుండాను.
సొన తిని తిని నా బొటనవేలు
అరిగిన చెప్పు అట్టలాగా అయిపాయ.
రేషన్ షాపులో మిషను నన్ను గుర్తుపట్టదు.
"తుడిచి పెట్టు మేయ్, ఇంగోసారి" అంటాడు డీలరు.
కొంగుకు తుడిచి పెడతాను, ఉమ్మి తడిచేసి పెడతాను.
కార్డులో నేను చెంగమ్మ.
మిషనుకు మాత్రం ఎవుర్నీ కాను.

అక్షరాలు నాకు నలభై దాటినాక వచ్చినాయి.
రాజరత్నమ్మ టీచరు చిత్తూరు నుంచి బస్సెక్కి
బేస్తవారం బేస్తవారం వచ్చేది,
కండ్లద్దాలకు ఒక పక్క దారం కట్టుకోని.
పలకా లేదు, వాచకమూ లేదు.
దేవుని పుస్తకం మింద ఆమె చీపురుపుల్ల ఆనిస్తే
ఎనుములు ఏరు దాటినట్టు
ఒక్కో అక్షరం దాటేదాన్ని.
"గొర్రెలకాపరి" అనే మాట
ఒకే ఊపిరిలో పలికిన పొద్దు
పొయ్యి మింద సంగటి మాడిపాయ.
మా ఆయన తిట్టుకుంటానే తిన్నాడు.

పోయిన నెల, సుక్రారం, పొద్దుగూకినాక
పాల కేంద్రం అరుగు కాడికి పిలిచినారు.
ఒక తెల్ల కాయితం. ఒక నీలం ఇంకు డబ్బా.
"వేలేసి పో. మిగతావోళ్ళు ఏసినారు."
గోవర్ధన నా చెయ్యి పట్టి ఇంకులో అద్దినాడు.
దినామూ నన్ను ఆటోలో ఫ్యాక్టరీ కాడ దించే పిల్లోడు
నా మొగం చూడలేదు.

నిజం చెప్తాను, నా కాళ్ళు వణికినాయి.
దైర్యం అనేది ఏదో పెద్ద పాటలాగా వస్తాదనుకుంటి.
రాలేదు.
నోరెండిపాయ. ఒంటికి పోవాలనిపిచ్చె.
అప్పుడు ఆ కాయితం మింద "మే" కనిపిచ్చె.
పక్కనే "ము".
తెలిసినోళ్ళు సంతలో ఎదురుపడినట్టు వుండింది.

"ఉండన్నా, చదువుకుంటా" అన్నాను.
నవ్వినారు.
పాల క్యాను మోసే మనిషి క్యాను దించి నిలబడినాడు.
మే... ము... ఇ... క... మీ... ద... ట...
ప్రా... ర్థ... ఒత్తు కాడ తట్టుకుంటి, మళ్ళా లేస్తి.
కూ... డ... ము...
మా ఇ... ష్ట... పూ... ర్తి... గా...
ఆడ ఆగినాను.
రెండుసార్లు చదివినాను. మూడోసారి గెట్టిగా చదివినాను.
"ఈ ఒక్క మాట అబద్దం గదన్నా."

నవ్వు ఆగిపాయ.
కాయితం మడిచి పెద్దాయన చేతిలోనే పెట్టి వచ్చేసినాను.
వేలు మాత్రం నీలంగానే వుండింది.

మర్నాటి నుంచి ఆటో మా ఈది మలుపులో ఆగలేదు.
కొళాయి కాడ నా బిందె దానంతటదే వరస చివరికి పాయ.
మా ఆడబిడ్డ అంకాళమ్మ,
ఏటా గంగజాతరకు ఏపాకు కట్టుకోని పొంగలి పెట్టే మనిషి,
తన బిందె తెచ్చి మా తొట్టిలో కుమ్మరించి
"మీ దేవుని సంగతి నాకు తెల్దు,
పిల్లోళ్ళు నీళ్ళు తాగాల గదే మొండిదానా" అని
ఇంగా నాలుగు తిట్టి పాయ.

ఆదివారం రేకుల షెడ్డులో
పదకొండు మందికి నలుగురం మిగిలినాము.
కరుణమ్మ రాలేదు. కూతురి హాస్టలు సీటు కోసం వేలేసింది.
ఆమె మింద నాకు కోపం లేదు, వుందేమో, తెల్దు.
చాప మింద ఆమె చోట్లో ఎవురూ కూచోలేదు.

వాన మొదులాయ.
రేకుల మింద పడే దడదడకు
మా గొంతులు మాకే వినపడలేదు.
చదవాల్సిన వంతు నాది.
తడి చేత్తో పేజీ తిప్పితే
అంచున నీలంగా నా వేలు పడింది.
గీత లేదు, సుడి లేదు. ఉత్త మరక.
పుస్తకం పాడుచేస్తినే అని తుడవబోతే
టీచరు నా చెయ్యి పట్టుకోని ఆపింది.
దారం కట్టిన కండ్లద్దాలు సర్దుకోని
వంగి దాన్నే చూసి, చూసి,
"చదువు తబితా" అనింది.
వాన నిలిచేదాకా ఆగాల్నా అన్నట్టు చూస్తి.
"ఇప్పుడే."